ఎర్ర పెన్నుతో కొట్టేసిన నా క్రిస్మస్ ప్రార్థన

క్రిస్మస్ ఆరాధన అయి రెండు రోజులైంది. మనసులో మంట ఇంకా ఆరలేదు. ఆరాక రాస్తే అసలు సంగతి మెత్తబడిపోతుంది, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

అక్టోబర్ చివర్లో పాస్టరు గారు పిలిచి, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం నాలుగు ఆదివారాలకూ క్రిస్మస్ ముందు రాత్రికీ విజ్ఞాపన ప్రార్థనలు, అంటే ఇతరుల కోసం చేసే ప్రార్థనలు, నన్ను సిద్ధం చేయమన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాను. నిరుడు పెట్టెలో వేసిన ప్రార్థన చీటీలన్నీ తీసి చదివాను. 112 ఉన్నాయి. ఉద్యోగం, పెళ్లి సంబంధం, పరీక్ష, ఆపరేషన్, అప్పు. మన గడప దాటిన చీటీలు మూడంటే మూడే. సొంత అవసరం అడగడం తప్పని అనను, అనుదిన ఆహారం అడగమని ప్రభువే నేర్పాడు. అయితే ఆయన నేర్పిన ప్రార్థనలో 'నా ఆహారం' అని లేదు, 'మా ఆహారం' అని ఉంది. ఆ 'మా'లో ఎంతమంది పడతారన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న.

జాబితా రాయడం ఒక్క సాయంత్రం పని. లూకా మొదటి రెండు అధ్యాయాలు, మత్తయి రెండో అధ్యాయం ముందు పెట్టుకుని, ఆ కథలో ఎవరెవరు ఉన్నారో వరసగా రాసుకున్నాను. కైసరు ఆజ్ఞకు నిండు నెలలతో ప్రయాణం కట్టిన తల్లి. చోటు లేదన్న సత్రం. రాత్రంతా మేలుకుని పని చేసే కాపరులు. ఏళ్ల తరబడి పిల్లల కోసం ఎదురుచూసిన జెకర్యా, ఎలీసబెతు. ముసలి వయసులో ఆశతో బతుకుతున్న సుమెయోను, అన్న అనే ప్రవక్త్రి. తూర్పు నుంచి వచ్చిన పరాయి దేశపు జ్ఞానులు. బిడ్డను ఎత్తుకుని రాత్రికి రాత్రి ఐగుప్తుకు పారిపోయిన కుటుంబం. బిడ్డల్ని పోగొట్టుకున్న బేత్లెహేము తల్లులు. చివరికి, ఆ బిడ్డల్ని చంపించిన రాజు హేరోదు. ఒక్కొక్కరి పక్కన ఈనాటి మనిషిని రాశాను. పండగ రాత్రి డ్యూటీలో ఉండే నర్సులు, డ్రైవర్లు, కాపలావాళ్లు. శరణార్థులు. ఈ ఏడే మనిషిని పోగొట్టుకుని పండగంటే భయపడుతున్న ఇళ్లు. ఖైదీలు, వాళ్ల పిల్లలు. మనతో మాటలు మానేసిన బంధువులు. మనల్ని ద్వేషించేవాళ్లు. యుద్ధం చేయించే పాలకులు.

తర్వాత పెద్దల కమిటీ ముందుకు వెళ్లాను. ఆ గంట నేను మరచిపోలేను.

తొమ్మిది మంది ఉన్నారు. ఒక పెద్ద నా కాగితం తీసుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టారు, సరుకుల చీటీ చదివినట్టు. "ఖైదీలు" అని చదివి ఆగి, అందరి ముఖాలూ చూశారు. ఎవరో నవ్వారు. "శరణార్థులు... బంధువులతో గొడవలు... సిస్టర్, ఇది క్రిస్మస్సా, సంతాప సభా?" అన్నారు. ఈసారి చాలామంది నవ్వారు. ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, నా ఎదురుగానే ఒక్కో వరసా కొట్టేయడం మొదలుపెట్టారు. బేత్లెహేము తల్లుల దగ్గరకొచ్చేసరికి, "పిల్లలు చచ్చిపోయిన సంగతి పండగ పూట ఎందుకు ఎత్తాలి, అపశకునంలా" అన్నారు. ఆ మాట సంఘ పెద్ద నోటి నుంచి వచ్చింది! మత్తయి సువార్తలో జ్ఞానులు కానుకలిచ్చిన అధ్యాయంలోనే, పోయిన బిడ్డల కోసం రామాలో రాహేలు ఏడ్చిన ఏడుపు కూడా ఉంది. ఒకటి చదివి రెండోది మూసేయమని ఎవరు చెప్పారు మనకు?

ఈ జవాబు ఇప్పుడు రాయగలుగుతున్నాను. అప్పుడు నోరు పెగల్లేదు. హేరోదు వరస చూపించి, "దుర్మార్గుల కోసం కూడా ప్రార్థించమంటారా?" అని అడిగితే నా గొంతు పూడుకుపోయింది. శత్రువుల కోసం ప్రార్థించమన్న మాట చిన్నప్పుడు ఆదివారం బడిలో కంఠస్థం చేసి బహుమతి తెచ్చుకున్నదాన్ని, ఆ క్షణంలో ఒక్క వాక్యం గుర్తు రాలేదు. "ఇవన్నీ కొత్త పోకడలమ్మా, మన పెద్దలు ఇలా ప్రార్థించలేదు" అని కాగితం నా వైపు జరిపారు. పదహారు వరసల్లో తొమ్మిది ఎర్రగా ఉన్నాయి. పాస్టరు గారు తల దించుకుని కూర్చున్నారు. ఆయన మౌనమే ఆ నవ్వుకంటే ఎక్కువ బాధ పెట్టింది.

ఇంటికొచ్చి ఏడ్చాను. తర్వాత చదవడం మొదలుపెట్టాను. కొత్త పోకడట! ఇంగ్లండ్ ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ 1544లో ఇంగ్లీషులో కూర్చిన లిటనీలోనే (నాయకుడు ఒక్కో విన్నపం చెబితే సంఘం జవాబిచ్చే ప్రార్థన) నేల మీదా నీటి మీదా ప్రయాణించేవాళ్లు, ప్రసవ వేదన పడే స్త్రీలు, చెరలో ఉన్నవాళ్లు, దిక్కులేని పిల్లలు, విధవరాండ్రు అందరూ ఉన్నారు. శత్రువులను క్షమించమనీ, వాళ్ల మనసు తిప్పమనీ కూడా ఉంది. అది ఇంగ్లండ్ రాజు యుద్ధానికి బయలుదేరుతున్న ఏడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం వెంట చాప్లిన్‌గా, అంటే సైనికుల పాదిరిగా, ఉండి వచ్చిన ఎరిక్ మిల్నర్ వైట్, 1918 డిసెంబర్ 24న కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీ చాపెల్‌లో తొమ్మిది బైబిలు పాఠాలు, కేరల్స్ (క్రిస్మస్ పాటలు) కలిసిన ఆరాధన పెట్టారు. యుద్ధం ఆగి ఆరు వారాలైంది. ఆ ఆరాధన ఆరంభంలో ఆయన కూర్చిన ప్రార్థన బీదలనూ, ఆకలిగొన్నవారినీ, అణగారినవారినీ, దుఃఖించేవారినీ, ఒంటరివారినీ తలచుకుంటుంది. చనిపోయినవారిని, వేరే తీరాన మనతో కలిసి ఆనందించేవారిగా తలచుకుంటుంది. నేటికీ ఏటా ఆ ఆరాధన జరుగుతోంది. వీటన్నిటికంటే ముందు, మనుషులందరి కోసం, రాజుల కోసం, అధికారుల కోసం విజ్ఞాపన చేయమని తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉంది. అప్పటి చక్రవర్తి క్రైస్తవుడు కూడా కాదు. తమను చెరపట్టి తీసుకుపోయిన పట్టణపు క్షేమం కోసం ప్రార్థించమని యూదులకు యిర్మీయా రాశాడు, 29వ అధ్యాయంలో.

ఇవన్నీ ఒక్కో వరస పక్కన రాసి పాస్టరు గారికి ఇచ్చాను. తొమ్మిదిలో ఆరు తిరిగి వచ్చాయి. మీలో ఎవరికైనా ఈ పని అప్పగిస్తే వాక్యం లేకుండా ఒట్టి జాబితా ఎవరి చేతికీ ఇవ్వకండి. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లను దాన్ని గట్టిగా చదవనివ్వకండి, ముందు అందరూ తల వంచి ఆ మనుషుల కోసం ఒక్కసారి ప్రార్థించమనండి. ప్రార్థించాక ఎర్ర పెన్ను తీయడం అంత తేలిక కాదు.

మొదటి మూడు ఆదివారాలు బాగానే జరిగాయి. నాలుగో వారం తప్పు నాదే. "పిల్లలు లేని దంపతులకు ఎలీసబెతుకు ఇచ్చినట్టే సంతానం ఇవ్వు తండ్రీ" అని ప్రార్థించాను. ఆరాధన అయ్యాక ఒక సిస్టర్ నన్ను పక్కకు తీసుకెళ్లింది. "నువ్వు పేరు చెప్పలేదక్కా, కానీ ముందు వరసలో వాళ్లంతా వెనక్కి తిరిగి నన్నే చూశారు" అంది. కాసేపాగి, "ప్రవక్త్రి అన్న సంగతేమిటక్కా? పెళ్లయిన ఏడేళ్లకే భర్త పోయాడు. ఆయన తిరిగి రాలేదు. అయినా దేవాలయం విడవలేదు కదా. అలాంటివాళ్ల కోసం ప్రార్థన లేదా?" అంది. ఇన్ని అధ్యాయాలు తిరగేసిన నాకు ఆ ప్రశ్న తట్టనే లేదు. చేతులు పట్టుకుని క్షమాపణ అడిగాను. ఆ రాత్రే కాగితాలన్నీ తిరిగి రాశాను. దేవుడు ఎవరికి ఏం చేయాలో చెప్పే మాటలన్నీ తీసేశాను. మనుషులను ఆయన ముందు నిలబెట్టడం, తర్వాత మౌనం, అంతే ఉంచాను.

క్రిస్మస్ ముందు రాత్రి అలాగే చేశాను. పనిలో ఉన్నవాళ్లను, ప్రయాణంలో ఉన్నవాళ్లను, ఖైదీలను, ఇల్లు విడిచి పారిపోతున్నవాళ్లను, పోయినవాళ్లను తలచుకుంటున్నవారిని, అడిగింది దొరకనివాళ్లను తలచి, ప్రతిసారీ ఒక నిమిషం ఆగాను. నాలుగో మౌనంలో ఎవరో వెక్కి ఏడవడం వినిపించింది. తర్వాత ఒక ముసలాయన నా దగ్గరికొచ్చి, తన కొడుకు జైల్లో ఉన్నాడనీ, ఇన్నేళ్లలో ఈ మందిరంలో వాడి గురించి ప్రార్థన వినడం ఇదే మొదటిసారనీ చెప్పాడు. ఆ కొడుకు సంగతి మాలో ఎవరికీ తెలియదు.

ఎర్ర పెన్ను పెద్దాయన నాతో ఇంకా మాట్లాడలేదు. ఆయన పేరు కూడా నా చీటీలో ఉంది, మాటలు మానేసినవాళ్ల వరసలో.

శత్రువులు, హేరోదు లాంటి పాలకులు, బేత్లెహేము తల్లులు, ఈ మూడు వరసలకు మాత్రం అనుమతి రాలేదు. రేపు డిసెంబర్ 28. చాలా సంఘాలు హేరోదు చంపించిన ఆ పసిబిడ్డలను జ్ఞాపకం చేసుకునే రోజు. సాయంత్రం ఆరింటికి ఆ సిస్టర్ ఇంట్లో ఐదుగురం కూర్చుంటున్నాం. ముసలాయన కూడా వస్తానన్నాడు. ఆ మూడు వరసలూ వేరే కాగితం మీద తిరిగి రాసి పెట్టుకున్నాను.