అంబాసిడర్ ఇంజిన్ రీబిల్డ్: క్రాంక్‌షాఫ్ట్ దొరికింది

నాన్నగారి 1984 మార్క్ 4 అంబాసిడర్ ఇంజిన్ విప్పి నెల దాటింది. ఇన్నాళ్లూ పని ఆగింది క్రాంక్ (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు) దగ్గరే. ఈ వారం అది తేలిపోయింది.

మూడో పిన్ (కనెక్టింగ్ రాడ్ పట్టుకునే చోటు) మీద గోరు ఆగేంత లోతు గీతలున్నాయి. బేరింగ్ పొర ముక్కలై సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దొరికింది. ఈ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌లో పిన్ అసలు సైజు 1.8759 నుంచి 1.8764 అంగుళాలు. గీతలు లేని చోట మైక్రోమీటర్ పెడితే 1.845 వచ్చింది. అంటే ఇదివరకే 30 థౌ (ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) గ్రైండ్ చేశారు, ఆపైన ఇంకాస్త అరిగింది. బేరింగులు 40 థౌ దాకానే వస్తాయి. 40కి తీసినా గీతలు పోవని గ్రైండింగ్ మేస్త్రి చూడగానే చెప్పేశాడు. వెల్డింగ్‌తో నింపి మళ్లీ గ్రైండ్ చేయొచ్చు గానీ, మూడే మెయిన్ బేరింగుల (క్రాంక్‌ని ఇంజిన్‌లో మోసేవి) మీద తిరిగే క్రాంక్‌కి అంత వేడి పెట్టి వంపు తెచ్చుకోవడం నాకిష్టం లేదు.

పాత క్రాంక్‌ని గోనెసంచిలో చుట్టుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలంటే పాతది చేతిలో ఉండాల్సిందే. డీజిల్ అంబాసిడర్‌ది కూడా 1489 సీసీయే, సీసీ చెప్పి అడిగితే దాని క్రాంక్ చేతిలో పెట్టొచ్చు, కాబట్టి నోటిమాట మీద కొనకండి.

రెండు దొరికాయి. ఒకటి ఇంకా స్టాండర్డ్ సైజే, ఒక్కసారి కూడా గ్రైండ్ కాలేదు. దాన్ని చూడగానే చెయ్యి జేబులోకి పోయింది. తిప్పి వెనక చివర చూస్తే ఆయిల్ గాడి అంచులు సుత్తి దెబ్బలకు నలిగిపోయాయి. ఈ ఇంజిన్‌కి వెనక రబ్బరు సీల్ ఉండదు. క్రాంక్ మీద మరలాంటి గాడే తిరుగుతూ ఆయిల్‌ని లోపలికి తోస్తుంది. అది పాడైతే ఆయిల్ క్లచ్ మీదికొస్తుంది. జర్నల్ (బేరింగ్‌లో తిరిగే నున్నటి భాగం) అరిగితే గ్రైండ్ చేసి ఆ తగ్గిన సైజుకి సరిపోయే బేరింగ్ వేస్తాం, ఈ గాడికి అలాంటి మందు లేదు. ముందువైపు కీ గాడి కూడా వదులైంది. వదిలేశాను.

రెండోదానికి మెయిన్లు (మెయిన్ బేరింగుల్లో తిరిగే జర్నల్స్) 10, పిన్నులు 20 థౌ ఇదివరకే తీశారు. గాడి మాత్రం శుభ్రంగా ఉంది. తాడుకి వేలాడదీసి చిన్న సుత్తితో తడితే గంటలా మోగింది. అయినా పగుళ్ల కోసం అయస్కాంత పరీక్ష చేయించాను, ఏమీ కనబడలేదు. వీ-బ్లాకుల మీద పెట్టి తిప్పితే నడిమి జర్నల్ దగ్గర డయల్ గేజ్ ముల్లు ఒక థౌ కూడా కదల్లేదు. ఇదే తీసుకున్నాను.

బేరింగులు చేతికొచ్చాకే గ్రైండింగ్‌కి ఇచ్చాను, ఎందుకంటే అన్ని సైజులూ అన్నివేళలా దొరకవు. మెయిన్లు 20, పిన్నులు 30 చేయించాను. జర్నల్ అంచులో గుండ్రటి మూల అలాగే ఉండాలని రెండుసార్లు చెప్పాను. అక్కడ పదునుగా కోస్తే పగులు మొదలయ్యేది అక్కడే. ఇంటికొచ్చాక ఆయిల్ రంధ్రాల్లో బ్రష్ పెట్టి కిరోసిన్‌తో కడిగితే నల్లటి మడ్డి, గ్రైండింగ్ పొడి ఎంత వచ్చిందో! మూడుసార్లు కడిగాను.

మెయిన్ నట్లు 70 పౌండ్-అడుగులు బిగించి ప్లాస్టిగేజ్‌తో (నలిగిన వెడల్పుని బట్టి సందు చూపే సన్నటి ప్లాస్టిక్ తీగ) చూస్తే సందు 1.5 థౌ. ఉండాల్సింది అర నుంచి 2 థౌ. ముందువెనకల ఆట 5.5 థౌ ఉంటే, ఒకవైపు 3 థౌ మందం ఎక్కువున్న థ్రస్ట్ వాషర్లు వేసి 2.5కి తెచ్చాను.

ఇప్పుడు రెండు వేళ్లతో తిప్పితే తిరుగుతోంది. వచ్చే ఆదివారం కనెక్టింగ్ రాడ్ల వంపు చూడాలి.