నాన్న కనబడలేదు, చీర కనబడింది

గుంటూరు, ఆదివారం

ఇవాళ్టి సెలవు పాత ల్యాప్‌టాప్ ముందే గడిచిపోయింది. గేటు వైపు పెట్టిన కెమెరా కోసం అందులో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వేసి, కదలికని పసిగట్టి రికార్డు చేసే ‘మోషన్’ అనే ఉచిత ప్రోగ్రాం నడుపుతున్నాను. ఏదో కదిలిందంటూ రాత్రంతా ఫోను మోగుతూనే ఉంది. తీరా చూస్తే దొంగా లేడు, దొరా లేడు. దండెం మీద చీర, వేపకొమ్మ నీడ, దీపం పురుగులు.

“మన బట్టలకి మనమే కాపలానా?” అంది అమ్మ.

ఈ ప్రోగ్రాంకి మనిషెవరో చీరేదో తెలీదు. ఇంతకుముందు చూసిన బొమ్మతో పోల్చి, ఎన్ని పిక్సెళ్లు, అంటే బొమ్మలోని చుక్కలు, మారాయో లెక్కేస్తుంది, అంతే. ఆ లెక్క థ్రెషోల్డ్ అనే హద్దు దాటితే రికార్డింగ్ మొదలు. ప్రోగ్రాంతో పాటు వచ్చే థ్రెషోల్డ్ 1500. బొమ్మ 640 బై 480 అయితే మొత్తం పిక్సెళ్లు 3,07,200 కాబట్టి అది దాదాపు అర శాతం. మా కెమెరా 1280 బై 720. అంటే 9,21,600 పిక్సెళ్లు. అందులో 1500 ఏ మూలకి? ఆకు కదిలినా గోల చేస్తుంది.

“ఆ నంబరు పెంచెయ్, గొడవ వదిలిపోద్ది” అన్నారు నాన్న. పెంచి, ఆయన్నే గేటు దాకా నడవమన్నాను. రికార్డింగ్‌లో చీర పడింది, నాన్న పడలేదు. “ఇంటాయన్నే కనపడకపోతే ఎట్లా?” అని ఆయనకి కాస్త కష్టమనిపించింది కూడా.

కెమెరాకి గేటు దూరం, దండెం దగ్గర. గేటు దగ్గర నిలబడ్డ మనిషి తెర మీద బొటనవేలంత ఉంటాడు. కొంగు ఒక్కసారి ఎగిరితే బొమ్మలో ఓ మూలంతా మారిపోతుంది. నంబరు పెంచేకొద్దీ ముందు మాయమయ్యేది మనిషే.

అందుకని మాస్క్ తయారుచేశాను. బొమ్మలు గీసే గింప్ అనే ప్రోగ్రాంలో కెమెరా బొమ్మ సైజులోనే ఒక నలుపు తెలుపు బొమ్మ గీసి, పీజీఎం అనే రకం బొమ్మ ఫైలుగా దాచాలి. నలుపు ఉన్నచోట ఏం కదిలినా లెక్కలోకి రాదు. దండెం, వేపకొమ్మ, ఆటోలు తిరిగే వీధి ముక్క నల్లగా పూసేశాను. ఎదురింటికి ఎవరొస్తే నాకెందుకు? గేటు, అక్కణ్ణుంచి మెట్ల దాకా దారి తెల్లగా వదిలాను. ఆ తర్వాతే థ్రెషోల్డ్ మళ్లీ దించాను.

వరుసగా మూడు ఫ్రేముల్లో, అంటే వీడియోలోని మూడు బొమ్మల్లో, కదలిక ఉంటేనే లెక్కలోకి తీసుకోమన్నాను. లెన్సు ముందు పురుగు తటాలున మెరిసి పోతుంది, మనిషి అలా పోలేడు కదా. వరండా లైటు వేసినప్పుడు బొమ్మంతా ఒక్కసారి మారితే వదిలెయ్యమనడానికి వేరే సెట్టింగ్ ఉంది, అదీ పెట్టాను. వెలుగుకి పురుగులు మూగుతాయి, వాటి కోసం సాలీడు లెన్సు పక్కనే గూడు కడుతుంది. దానికి మాత్రం చీపురే సెట్టింగ్.

సాయంత్రం నాన్న మళ్లీ నడిచారు. ఈసారి లుంగీతో సహా స్పష్టంగా పడ్డారు. ఆ ఫొటో తీసెయ్యమంటున్నారు. గోడ దిగి మెట్ల వైపు వచ్చే పిల్లి కూడా పడుతోంది. దాన్ని ఆపొద్దంది అమ్మ, పాలగిన్నె సంగతి తేలాలిట.