మా కాలనీ హాలులో భక్తి లఘుచిత్రాలు: మూడో ప్రదర్శన వరకు

నెల్లూరులోని మా కాలనీ సంఘం హాలులో దైవభక్తి ఇతివృత్తంగా తీసిన లఘుచిత్రాలను నెలకొకసారి వేసి, వాటిని తీసినవారితోనే ప్రేక్షకులను మాట్లాడించే పనిని సరదాగా మొదలుపెట్టి మూడు నెలలైంది. గత ఆదివారం జరిగిన మూడో ప్రదర్శనతో పద్ధతి కొంత కుదురుకున్నట్టు కనిపిస్తోంది కనుక, ఇంతవరకు ఏం చేశామో, ఎక్కడ తడబడ్డామో రాసిపెడుతున్నాను.

మొదటి నెలలో ఆశకు పోయి ఆరు చిత్రాలు వేశాం. నాలుగోది పూర్తయ్యేసరికి వెనుక వరుసలు ఖాళీ అయ్యాయి. వచ్చిన దర్శకులందరికీ కలిపి మాట్లాడటానికి మిగిలింది పావుగంట. ఇప్పుడు మూడు చిత్రాలే వేస్తున్నాం. ఒక్కొక్కటి 15 నిమిషాలకు మించదు, ప్రతి చిత్రం ముగియగానే దాని మీద 20 నిమిషాల చర్చ ఉంటుంది. చర్చలన్నీ చివరికి పెడితే మొదటి చిత్రం ఎవరికీ గుర్తుండదు.

మా ప్రొజెక్టర్ వెలుగు 3,000 ల్యూమెన్లు, త్రో నిష్పత్తి (తెర వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలన్న లెక్క) 1.5, అంటే 10 అడుగుల వెడల్పు తెరకు 15 అడుగుల దూరం కావాలి. ఆ దూరం సరిగ్గా నడవలో పడటంతో మొదటిసారి వచ్చేపోయేవారి తలలన్నీ తెర మీద కనిపించాయి. ఇప్పుడు దాన్ని ఎత్తైన స్టాండు మీద పెట్టి, నడవను గోడ పక్కకు మార్చాం. ల్యాప్‌టాప్‌ను వేదిక మీద ఉంచి 15 మీటర్ల హెచ్‌డీఎంఐ తీగ లాగినప్పుడు బొమ్మ వచ్చి పోతూ ఉండేది. ల్యాప్‌టాప్‌నే ప్రొజెక్టర్ పక్కకు తెచ్చి, స్పీకర్లకు మాత్రమే పొడవాటి ఆడియో తీగ ఉంచడంతో ఆ బాధ తీరింది. కొత్తగా మొదలైన గుర్రుమనే చప్పుడు, ల్యాప్‌టాప్‌కూ స్పీకర్లకూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి కరెంటు ఇచ్చాక ఆగిపోయింది. ఫ్యాన్ల మోతకు మాత్రం పరిష్కారం దొరకలేదు. గుసగుసగా సాగే ప్రార్థన సన్నివేశం వినపడాలంటే ఫ్యాన్లు ఆపాలి, నెల్లూరు ఉక్కలో ఆ మాట అడగడానికి గుండె ధైర్యం కావాలి.

రెండో నెలలో పరువు తీసింది సబ్‌టైటిళ్లు. దక్కనీ ఉర్దూ సంభాషణలకు తెలుగు అక్షరాలు విడి ఫైలుగా వచ్చాయి. మా ల్యాప్‌టాప్‌లో వత్తులన్నీ ఊడిపోయి, తెర నిండా పెద్ద అక్షరాలతో ‘భక్ తి’ అని పడగానే హాలంతా నవ్వింది. ఫాంటు మార్చినా లాభం లేకపోయింది. అప్పటినుంచి సబ్‌టైటిళ్లను బొమ్మలోనే కలిపేసిన 1920×1080 ఎంపీ4 ఫైలును పది రోజుల ముందే పంపమంటున్నాం, ప్రతి చిత్రాన్నీ ఇదే హాలులో మొదటి నుంచి చివరి దాకా ఒకసారి వేసి చూసుకుంటున్నాం. శబ్దాన్ని కూడా అన్ని చిత్రాలకూ ఒకే స్థాయికి, -23 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (చెవికి ఎంత బిగ్గరగా వినిపిస్తుందో కొలిచే ప్రమాణం అది), తెస్తున్నాం. లేకపోతే మెల్లగా సాగిన చిత్రం వెనకాలే నాదస్వరం మోగి ముసలివాళ్లు ఉలిక్కిపడుతున్నారు.

అనుమతిని ప్రతి దర్శకుడి నుంచీ రాతపూర్వకంగా తీసుకుంటున్నాం, అందులో సంగీతం హక్కులు తమవేనన్న వాక్యం తప్పనిసరి. పాత సినిమా భక్తిగీతం వాడుకున్న ఒక కుర్రాడి చిత్రాన్ని ఆ కారణంగా వెనక్కి పంపితే, అతను ఆ పాట తీసేసి, వాళ్ల పెద్దమ్మ దీపం పెడుతూ తీసే కూనిరాగాన్ని రికార్డు చేసి పెట్టాడు. నా మట్టుకు అదే బాగుంది.

చర్చ నడపడమే అన్నిటికంటే కష్టం. విజయవాడ గుణదల మేరీమాత ఉత్సవం మీద తీసిన చిత్రం తరువాత మాటలు ఎవరి మతం గొప్పదన్న వైపు జారిపోయి, తొమ్మిది నిమిషాల చిత్రానికి అరగంట వాదన జరిగింది. అందుకని ఈసారి ప్రశ్నలను చీటీల మీద రాయించాం, తెర మీద చూసినదాని గురించి మాత్రమే అడగాలని నియమం పెట్టాం. మైకు అందుకోవడానికి మొహమాటపడే ఆడవాళ్ల నుంచే సగానికి పైగా చీటీలు వచ్చాయి.

గత ఆదివారం చివరి చిత్రం మా ఊరి రొట్టెల పండుగ గురించినది. ఏటా మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవారు పుచ్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె అని వేటికవే పేర్లు. ఈ చిత్రంలో ఎవరి ముఖమూ కనిపించదు, నీళ్లలో చేతులు మాత్రమే కనిపిస్తాయి. ఎందుకలా తీశావని అడిగితే, ముఖం చూపిస్తే ఎవరు హిందువు, ఎవరు ముస్లిం అని జనం లెక్క మొదలుపెడతారని దర్శకుడు చెప్పాడు. ఇంతలో చీటీ రాసిన ఒక పెద్దావిడ తనే లేచి నిలబడింది.

“నాయనా, మా వాడి కోసం నేనూ ఉద్యోగం రొట్టె పట్టుకున్నా. ఆ ఏడు రాలా, పై ఏడు వచ్చింది.”

“మరి రాని ఏడు కూడా చెరువుకు వెళ్లారా అమ్మా?”

“పోకుండా ఎట్లా? మన చెరువే గదా.”

ఆ మాట తరువాత నేను వేయదలచిన ముగింపు ప్రశ్నను కాగితంలోనే ఉంచేశాను. రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్ వాడకూడదు కనుక తొమ్మిదింబావుకు ముగించాం.

వచ్చే నెలకు, ఉగాది నాడు దేవుని కడప వేంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వెళ్లే ఆచారం మీద 14 నిమిషాల చిత్రం ఖాయమైంది. తీసినాయన కడప నుంచి వస్తున్నారు, రాత్రికే తిరుగు బస్సు అందుకోవాలి గనుక దాన్నే మొదట వేయాలి. ఈలోగా రెండో మైకు ఎవరి దగ్గరైనా ఎరువు తేవాలి.