పన్నీర్, రసగుల్లా, జొన్నరొట్టె మీద చీజ్: నా అనుభవం

రసగుల్లా చేయడం కష్టమని అందరూ అంటారు. మా నల్లగొండలో అయితే దానికి కావలసిన ఆవుపాలు సంపాదించడమే పెద్ద పని. మా వీధిలో పోసేవన్నీ బర్రెపాలే. చిక్కగా, మీగడ కట్టి ఉంటాయి. టీకి, పెరుగుకి వాటిని మించినవి లేవు. రసగుల్లాకి మాత్రం పనికిరావు.

హైదరాబాద్ హాస్టల్ నుంచి దసరా సెలవులకు వచ్చే మా అమ్మాయి ముందే ఫోన్లో లిస్టు చదివింది: పన్నీర్ కూర, రసగుల్లా, పిజ్జా. మూడింటికీ పాలను విరవాల్సిందే, పిజ్జాకైతే పైన వేసే చీజ్ కోసం. కానీ ఒక్కోదానికి పాలు వేరు, విరిచే పద్ధతి వేరు.

ముందు పన్నీర్ పని పెట్టుకున్నాను. దీనికి బర్రెపాలే మేలు. వెన్న ఎక్కువ కాబట్టి ముక్క గట్టిగా, నున్నగా వస్తుంది. లీటరు పాలకు దగ్గర దగ్గర 200 గ్రాములు దిగుతుంది. పాలు పొంగాక పొయ్యి కట్టేసి, రెండు మూడు నిమిషాలు ఆగి, కొంచెం వేడినీళ్లు కలిపిన నిమ్మరసం చెంచా చెంచాగా పోస్తూ మెల్లగా కలపాలి. నిమ్మకాయలకు మా జిల్లాలో కరువేముంది, నకిరేకల్ మార్కెట్ పక్కనే ఉంది. పాలు ముద్దలు ముద్దలుగా విడిపోయి, కింద లేత పసుపుపచ్చ తేటనీళ్లు కనబడగానే నిమ్మరసం ఆపేయాలి. అక్కడితో ఆగకుండా పోస్తే పన్నీర్ పుల్లబడి గట్టిపడుతుంది.

మా అత్తమ్మ అంతా చూస్తూ కూర్చుంది. "గింత మంచి పాలు ఇరగ్గొడ్తవా? పెరుగన్న తోడేసుకోరాదు" అని ఒకటే సణుగుడు. పలుచటి బట్టలో వడకట్టి, పులుపు పోయేలా చన్నీళ్లతో కడిగి, మూటగట్టి, పైన బియ్యం డబ్బా పెట్టాను. గంటలో ముక్కలు కోసేంత గట్టిబడింది.

కూరకి హోటల్ పద్ధతిలో టమాటా, జీడిపప్పు, క్రీమ్ జోలికి పోలేదు. బగారా వంకాయకు చేసే మసాలానే చేశాను: వేయించిన పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి, ఉల్లిగడ్డ, అల్లం ఎల్లిగడ్డ, పైన చింతపండు పులుసు. పన్నీర్‌కి సొంత రుచి తక్కువ, కాబట్టి గ్రేవీలో ఉప్పు, పులుపు ఒక పిసరు ఎక్కువే ఉండాలి. ముక్కల్ని నూనెలో లైట్‌గా వేయించి వెంటనే ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లలో వేస్తే మెత్తగా ఉంటాయి. గ్రేవీలో చివర్లో వేసి రెండు నిమిషాలు ఉడికిస్తే చాలు, ఎక్కువసేపు మరిగితే రబ్బరు ముక్కలే.

వడకట్టిన తేటనీళ్లు పారబోయబోతే అత్తమ్మ ఆపింది. అవి మరగనిచ్చి జొన్నపిండిలో పోసి రొట్టెలు చేసింది. వేడినీళ్లు పోయనిదే జొన్నపిండి అతుక్కోదు కదా, ఇక్కడ ఆ పని ఈ నీళ్లే చేశాయి. రొట్టెకి లేత పులుపు వచ్చింది. దాంతో విరగ్గొట్టిన పాల మీద ఆమె కోపం సగం తగ్గింది.

ఇక రసగుల్లా. ఊరి బయట ఆవులున్న ఒకాయన దగ్గరికి పొద్దున్నే వెళ్లి పాలు తెచ్చుకున్నాను. చేసేది పన్నీర్ లాగే, కాకపోతే బరువు పెట్టకూడదు. కడిగి, మూటగట్టి, అరగంట, ముప్పావుగంట వేలాడదీయాలి. చేత్తో నొక్కితే నీళ్లు కారకూడదు, అలాగని పొడిపొడిగా రాలకూడదు. తర్వాతిదే అసలు పని. ఈ విరుగుడు ముద్దనే చెనా అంటారు, అరచేతి అడుగుభాగంతో దాన్ని రుద్దుతూ పోవాలి, పది నిమిషాలైనా పడుతుంది. పలుకు పోయి, చేతికి కాస్త జిడ్డు తగిలినప్పుడు ఆపాలి. ఉండలు చిన్నగా, బీటలు లేకుండా చుట్టాలి. పాకంలో ఇంచుమించు రెట్టింపు అవుతాయి. ఒక కప్పు చక్కెరకు నాలుగు కప్పుల నీళ్లు, తీగపాకం కానే కాదు. అది బుడగలు వచ్చేలా మరుగుతుండగా ఉండలు వేసి, మూతపెట్టి, పావుగంట మంట తగ్గించకుండా ఉంచాలి. పాకం చిక్కబడుతుంటే మధ్యలో వేడినీళ్లు చిలకరించాలి.

బర్రెపాలతో కూడా నాలుగు ఉండలు చేసి పక్కన పెట్టి చూశాం. అవి ఉబ్బలేదు, కొరికితే లోపల గట్టిగా ఉన్నాయి. మా అమ్మాయి రూమ్మేట్ ఒడిశా పిల్ల. రసగుల్లా పుట్టింది మా దగ్గరే, పూరీ జగన్నాథుడికి నైవేద్యం పెడతాం అంటుందట. బెంగాలీలేమో 1868లో కలకత్తాలో నబీన్ చంద్ర దాస్ చేశాడంటారు. 2017లో బెంగాల్‌కి, 2019లో ఒడిశాకి, ఇద్దరికీ ఎవరి రసగుల్లాకి వారికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతానిది అనే ముద్ర, వచ్చింది. మనకు ఆ గొడవ లేదు, మన జున్నుని ఎవరూ అడగరు. దానికి నిమ్మరసమూ అక్కర్లేదు. ఈనిన బర్రె జున్నుపాలలో బెల్లం, యాలకులు, మిరియాలు కలిపి ఆవిరి మీద పెడితే తనంతట తనే గడ్డకడుతుంది.

పిజ్జా మాట వచ్చేసరికి అమ్మాయి ఇంట్లో చేసిన పన్నీరే తురిమి పైన వేద్దామంది. అది కరగదు. వేడిపాలని నిమ్మరసంతో విరిచింది ఎంత కాల్చినా ఎర్రబడుతుందే గానీ సాగదు. సాగేది మొజరెల్లా. దాన్ని గోరువెచ్చని పాలలో రెన్నెట్ అనే ఎంజైమ్‌తో గడ్డకట్టిస్తారు. రెన్నెట్ పాతకాలంలో దూడ కడుపులోంచి తీసేవారని అమ్మాయి నోరుజారింది. అత్తమ్మ వెంటనే ప్లేటు దూరం జరిపింది. ప్యాకెట్ మీదున్న పచ్చ చుక్క చూపించి, ఇందులో వాడింది అలాంటిది కాదని నచ్చజెప్పేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. చీజ్ క్యూబులు, స్లైసులు ఇంకో రకం. అవి మెత్తగా కరుగుతాయి కానీ తీగలు సాగవు, ఉప్పు కూడా ముందే ఉంటుంది.

మైదా బేస్ కొనలేదు, ఓవెన్ ఎలాగూ లేదు. మిగిలిన జొన్నరొట్టెని పెనం మీద పెట్టి, ఎర్రకారం ముద్ద పూసి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర, పైన మొజరెల్లా తురుము వేసి, చిన్న మంట మీద మూతపెట్టాను. నాలుగైదు నిమిషాల్లో చీజ్ కరిగింది, రొట్టె అడుగు కరకరలాడింది. ఇందులో ఉప్పు వేయకుండా ఉండటమే మంచిది. వేడివేడిగా తినాలి, చల్లారితే చీజ్ బిగుసుకుంటుంది.

అత్తమ్మ అంచు తుంచుకుని నోట్లో వేసుకుంది. చీజ్ తీగ గడ్డం దాకా సాగితే చేత్తో చుట్టుకుంటూ, "కారం సరిపోలే, ఇంకో రొట్టె మీద ఎయ్" అంది.