మా బర్రె మళ్లీ చూడి కట్టిందాకా

మాది దేవరకొండ వైపు మెట్ట ఊరు. ఇంట్లో ఒకటే బర్రె. దాని పాల డబ్బుతోనే పిల్లల ఫీజులు, కిరాణా అన్నీ.

రెండో ఈత దసరాకు ఈనింది. పూటకు నాలుగు లీటర్లు ఇస్తుంటే సంబురపడ్డాం. ఉగాది వచ్చినా ఎదకు రాలేదు. తెలిసినాయన ఒకరు సూది వేసి వెళ్లాడు, అయినా రాలేదు. అప్పుడు పశువుల దవాఖానకు తోలుకుపోయాను.

సారు చెయ్యి పెట్టి చూసి, "గర్భసంచి మంచిగనే ఉందమ్మా, అండాశయాలే పని చేస్తలేవు" అన్నాడు. తర్వాత నా చేతినే దాని నడుము మీద పెట్టించాడు. తొంటి ఎముకలు పొడుచుకొచ్చి ఉన్నాయి, తోక మొదట్లో గుంట. "ఒంటి పుష్టికి మార్కులేస్తే 5కు ఇది 2 ఉంది. ఈనేనాటికి 3 నుంచి 3.5 ఉండాలి. ఈనినంక పాలకు చాలినంత మేత తినలేదు, ఒంట్లోది కరిగించి పాలిస్తది. కరగడానికే లేకపోతే ఎదకు ఎట్లొస్తది?"

నాకు కడుపులో దేవినట్టయింది. ఈనే ముందు నెల దాకా దాన్ని పిండుకున్నది నేనే. కడుపులో దూడ ఎక్కువగా పెరిగేది ఆ చివరి రెండు నెలల్లోనేనట. మేతేమో మిర్యాలగూడ నుంచి కొనుక్కొచ్చిన వరిగడ్డి. కడుపు నిండుతుంది గానీ అందులో బలమేముంది?

నట్టల మందు తాగించాను. జొన్నచొప్ప నరికి వేశాను. పత్తి చెక్క, తవుడు, రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం పెట్టాను. బోరు పక్కన నాలుగు సాళ్లు నేపియర్ గడ్డి నాటాను. ఒళ్లు చేయడానికి నాలుగు నెలలు పట్టింది. వినాయక చవితి ముందర ఎదకొచ్చి చూడి కట్టింది.

అసలు పరీక్ష ఆ వచ్చే ఎండాకాలం. మే నెలలో ఇంకా రెండు లీటర్లు ఇస్తుండగానే పాలు ఆపేశాను. "చేతికొచ్చే పైసలు ఇడిసిపెడుతున్నవా బిడ్డా?" అని అత్తమ్మ బాధపడింది. ఆమె బాధలోనూ న్యాయం ఉంది, ఆ రెండు నెలలు కిరాణా బాకీ పెరిగింది. అయినా దాణా ఆపలేదు. అట్లని విపరీతంగా మేపలేదు. మరీ కొవ్విన పశువు ఈనినంక మేత సరిగా తినదని సారు ముందే చెప్పాడు.

పది నెలల పది రోజులకు, ఆషాఢంలో ఈనింది. మాయ తొందరగా పడింది. బర్రెలది మూగ ఎద, బయటికి పెద్దగా తెలియదు, పగలు చూస్తే దొరకదు. అందుకే రెండో నెల దాటినప్పటి నుంచి తెల్లవారుజామున కొట్టంలోకి పోయి చూసేదాన్ని. 70వ రోజు వెనక నుంచి జిగురు తీగలు కనిపించాయి, ఆ పూట పాలు తగ్గాయి. ఊళ్లలో పశువులకు చూడి సూదులు వేసే గోపాలమిత్రకు ఫోన్ చేస్తే సాయంత్రం వచ్చి చూడి సూది వేశాడు.

21 రోజులు గడిచినా మళ్లీ ఎద కనిపించలేదు. మూడో నెలలో సారు చూసి చూడి అన్నాడు. ఇంటికి తోలుకొచ్చాక అత్తమ్మ దాని తొంటి మీద చెయ్యి పెట్టి, "ఈసారి ఎన్ని మార్కులే?" అని అడిగింది.