మొదటి రోడ్ బైక్: రేటు ఎక్కడికి పోతుందో చూసి కొన్నాను

హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో మొదలైనప్పటి నుంచి నాకు రోడ్ బైక్ (తారు రోడ్డు మీద వేగంగా తొక్కే సన్న టైర్ల సైకిల్) మీదే మనసు. 60 వేలు దాటకూడదని ఇంట్లో అనుకున్నాం. కానీ షాపుల్లో 38 వేల బండి ముందూ, 56 వేల బండి ముందూ ఒకే మాట చెబుతారు: అల్యూమినియం ఫ్రేమ్, షిమానో గేర్లు. మరి ఆ 18 వేల తేడా దేనికి?

షిమానో అంటే సైకిల్ గేర్లు, బ్రేకులు చేసే జపాన్ కంపెనీ. ఆ పేరు ఉన్నంత మాత్రాన ఏమీ తేలదు. రోడ్ బైకులకు అది చేసే గేర్ల రకాల్లో అన్నిటికన్నా కింద టూర్నీ, దానిపైన క్లారిస్, సోరా, టియాగ్రా, ఆపైన 105. వెనక గేర్లు క్లారిస్‌కి 8, సోరాకి 9, టియాగ్రాకి 10. పైగా బండి మీద క్లారిస్ అని రాసి ఉన్నా గేర్లు మార్చే లివర్లు, చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకు జరిపే డిరైలర్లు మాత్రమే ఆ రకం కావచ్చు. క్రాంక్ (పెడల్ బిగించే చేతులు), బ్రేకులు, చైన్ చాలాసార్లు వేరే కంపెనీవే ఉంటాయి. ఖర్చు తగ్గించడానికి ఇది అందరూ చేసే పనే, నాకు దాని మీద అభ్యంతరం లేదు. చైన్ ఎలాగూ అరుగుతుంది, బ్రేక్ ప్యాడ్లు తక్కువ ఖర్చుతో మార్చుకోవచ్చు. నేను చూసుకోవాల్సింది తర్వాత మార్చడం కష్టమైనవాటిని: ఫ్రేమ్, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్, వెనక చక్రం హబ్ (ఇరుసు, బేరింగులు ఉండే మధ్య భాగం).

హబ్ సంగతి చెప్పింది మా వీధి చివర సైకిల్ షాపు బాబాయ్. "రిమ్ రంగు చూడకు నాయనా, వెనక హబ్ చూడు. ఫ్రీవీల్ ఉందా, క్యాసెట్ ఉందా అడుగు" అన్నాడు. షాపులో కుర్రాణ్ని అడిగితే రెండూ ఒకటే సార్ అన్నాడు. ఒకటి కాదు. ఫ్రీవీల్ అయితే గేర్ల ముద్ద మొత్తం స్క్రూలాగా హబ్ మీద తిరిగి బిగుస్తుంది. కుడివైపు బేరింగ్ గేర్లకు లోపలి పక్కనే ఆగిపోతుంది కాబట్టి, అక్కడి నుంచి ఫ్రేమ్ దాకా ఇరుసుకు ఆధారం ఉండదు. బరువైన మనిషి గుంతల్లో తొక్కితే అక్కడే వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. క్యాసెట్ అంటే ఫ్రీహబ్ అనే రకం హబ్ మీదకు తొడిగే గేర్ల గుత్తి. షిమానో 1978లో తెచ్చిన ఆ ఫ్రీహబ్‌లో కుడివైపు బేరింగ్ గేర్ల బయటి అంచు దగ్గరకు జరిగింది. నా బరువు 75 కిలోలు, మా రోడ్లు మీకు తెలిసినవే. నాకు ఇదే పెద్ద తేడా అనిపించింది.

కనిపెట్టడం తేలికే. చక్రం కదలకుండా పట్టుకుని వెనక గేర్లను వెనక్కి తిప్పాలి. మధ్యలో స్పానర్ పట్టే గాడులు గేర్లతో పాటు తిరిగితే క్యాసెట్, అవి నిలిచిపోయి గేర్లు మాత్రమే తిరిగితే ఫ్రీవీల్. 38 వేల బండికి గాడులు కదల్లేదు. 56 వేల దానికి తిరిగాయి. దానికి కార్బన్ ఫోర్క్ కూడా ఉంది. తేడాలో ఎక్కువ భాగం ఎటు పోయిందో అప్పుడు అర్థమైంది. దాన్నే తీసుకున్నాను.

డబ్బు కట్టేముందు చక్రాలు ఒక్కొక్కటీ చూశాను. చక్రం తిప్పి బ్రేక్ ప్యాడ్‌కీ రిమ్‌కీ మధ్య సందు చూడాలి, అది పెరుగుతూ తగ్గుతూ ఉంటే బెండు ఉన్నట్టే. స్పోకుల్ని రెండేసి చొప్పున వేళ్లతో నొక్కుతూ వెళ్లాలి. వెనక చక్రానికి గేర్ల వైపు స్పోకులు రెండో వైపు కంటే గట్టిగా ఉంటాయి, అది సహజం. ఒకే వైపున ఒకటి బిగుతుగా, పక్కది వదులుగా ఉంటేనే తప్పు. నా బండికి ముందు చక్రంలో అలాంటివి కనిపిస్తే అక్కడే నిలబడి సరిచేయించుకున్నాను. కొత్త చక్రం మొదటిసారి తొక్కేటప్పుడు టింగ్ టింగ్ మని శబ్దం వస్తే టెన్షన్ పడక్కర్లేదు, బిగించినప్పుడు మెలిపడిన స్పోకులు సర్దుకుంటున్నాయంతే. కానీ కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ బెండు తీయించాలి. ఫ్రీ సర్వీసులో అది అడిగి మరీ చేయించాను.

బిల్లు వేసేటప్పుడు ఇంకో బేరం వచ్చింది. 14 వేలు పెడితే లోతైన రిమ్ ఉన్న అల్యూమినియం చక్రాలు, స్పీడ్ బాగా పెరుగుతుందట. తూకం వేయించి చూస్తే బండితో వచ్చిన జత కంటే తేలికేమీ కాదు. అసలు 300 గ్రాములు తగ్గినా, నేనూ బండీ కలిపి 85 కిలోలున్నప్పుడు అది అర శాతం కూడా కాదు. అనంతగిరి కొండ ఎక్కేటప్పుడు కూడా పెద్దగా తెలియదు. కొత్తగా తొక్కేవాళ్లకు ఈ మాట చెప్పి 14 వేలు ఖర్చు పెట్టించడం నాకు నచ్చలేదు.

ఆ చక్రాలు వద్దని, ఆ డబ్బులో కొంతతో, ఫోర్క్‌లో, ఫ్రేమ్‌లో సందు చూసుకుని 25 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు తీసేసి మెత్తటి రబ్బరున్న 28 మిల్లీమీటర్లవి వేయించాను. గాలి కాస్త తక్కువ కొట్టుకోవచ్చు, గతుకులు చేతులకు తగలడం తగ్గింది, బండి సాఫీగా సాగుతోంది. చక్రాలు మాత్రం పాతవే, 32 స్పోకులవి. బ్రేకు వేసీ వేసీ రిమ్ అరిగిపోయిన రోజున అదే హబ్‌కు 32 రంధ్రాల కొత్త రిమ్ అల్లించుకోవచ్చని బాబాయ్ అన్నాడు.