వెయ్యి అడిగితే 214 ఇచ్చింది

మొన్న శనివారం పొద్దున్నే మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఉండగా మా కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, సైట్ లేవట్లేదు, టూ మెనీ కనెక్షన్స్ అంటోంది. నిన్నే కదా డేటాబేస్ కనెక్షన్ల లిమిట్ వెయ్యి పెట్టాం, ఏటన్నా ఇది?"

రుషికొండలో ఆఫీసుకెళ్లి కూర్చున్నా. పాత ఉబుంటు సర్వర్ మీద మైఎస్‌క్యూఎల్ 5.7 డేటాబేస్. లిమిట్ నిండినా అడ్మిన్ కోసం ఒక కనెక్షన్ అదనంగా ఉంచుతుంది కాబట్టి లోపలికైతే వెళ్లగలిగాను (మీ అప్లికేషన్‌కి కూడా అడ్మిన్ హక్కులున్న రూట్ యూజరే ఇచ్చి ఉంటే ఆ ఒక్కటీ అదే తినేస్తుంది, దయచేసి అలా చేయకండి). మ్యాక్స్ కనెక్షన్స్ (ఒకేసారి ఎన్ని కనెక్షన్లు ఇవ్వొచ్చో ఆ లిమిట్) ఎంత అని అడిగితే 214 అంది. కాన్ఫిగ్ ఫైల్లో చూస్తే శుభ్రంగా వెయ్యి ఉంది.

ఈ 214 ఎక్కడిదో ఎర్రర్ లాగ్‌లో రెండు లైన్లలో రాసి ఉంది, మేమే చదవలేదు. సర్వర్‌కి ఓపెన్ ఫైల్స్ (ఒకేసారి తెరుచుకోగల ఫైళ్లు) 1024 మించి దొరకలేదు, ఒక్కో కనెక్షన్ కూడా ఒక ఫైలు కిందే లెక్క. అందులో టేబుల్ క్యాష్‌కి (తెరిచిన టేబుళ్లను దగ్గర ఉంచుకునే చోటు) కనీసం 400 టేబుళ్లు, ఒక్కోదానికి రెండు ఫైళ్ల లెక్కన 800, చిల్లర పనులకు 10. పోగా మిగిలేది 214. అంటే వెయ్యి అడిగితే తన దగ్గర ఉన్నదాన్ని బట్టి తగ్గించుకుని ఊరుకుంది.

"యూలిమిట్ పెంచాను కదన్నా" అంటాడు మావాడు. ఆ ఓపెన్ ఫైల్స్ లిమిట్ పెంచాడు నిజమే, లిమిట్స్ డాట్ కాన్ఫ్ అనే ఫైల్లో. అది మనం లాగిన్ అయిన సెషన్‌కి పనిచేస్తుంది గానీ సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను నడిపేది) లేపిన సర్వీసుకి కాదు. స్లాష్ ప్రాక్ కింద మైఎస్‌క్యూఎల్ ప్రాసెస్ నంబరు ఫోల్డర్లో లిమిట్స్ అనే ఫైలు తెరిస్తే అసలు సంగతి కనబడింది, ఇంకా 1024. సర్వీసుకే లిమిట్‌నోఫైల్ (దాని ఓపెన్ ఫైల్స్ లిమిట్) పెంచి రీస్టార్ట్ చేశాక వెయ్యి వచ్చింది. "కొత్త థ్రెడ్ సృష్టించలేకపోతున్నాను, ఎర్రర్ 11" అని వస్తే మాత్రం ఇది కాదు, టాస్క్స్‌మ్యాక్స్ (సర్వీసుకి ఎన్ని టాస్కులో ఆ లిమిట్), ప్రాసెస్‌ల లిమిట్, మెమరీ చూసుకోవాలి.

అంతటితో అయిపోలేదు. ప్రాసెస్ లిస్ట్ తీస్తే సగానికి పైగా కనెక్షన్లు పనేమీ లేకుండా స్లీప్‌లోనే ఉన్నాయి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసి టీ తాగడానికి పోయినట్టు. ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని తెంచే వెయిట్ టైమౌట్ డిఫాల్ట్‌గా 28,800 సెకన్లు, అంటే ఎనిమిది గంటలు, అంతసేపూ ఆ కర్చీఫ్ అక్కడే ఉంటుంది. మా అప్లికేషన్‌కి వర్కర్ ప్రాసెస్‌లు ఆరు, ఒక్కోదానికి పూల్‌లో (తెరిచి దగ్గర ఉంచుకునే కనెక్షన్లు) 50, మొత్తం 300. ఇంక 214లో ఎలా పడతాయి? పూల్ 15కి దించాను.

సోమవారం సాయంత్రం మ్యాక్స్ యూజ్డ్ కనెక్షన్స్ (ఒకేసారి అత్యధికంగా వాడినవి) చూస్తే 71. మరి వెయ్యి ఎందుకు పెట్టావురా అని అడిగాను.

"రౌండ్ ఫిగర్ కదన్నా" అన్నాడు.